ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో చెప్పు

(లెక్కల మాస్టారి స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఇవాళ ఇక్కడ చేరామో ఆయన్ని పేరుతో పిలిచిన గుర్తు నాకు లేదు. ఆహ్వానపత్రంలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పక్కన డిగ్రీలు చూసి ఒక్క క్షణం ఎవరా అనుకున్నాను. మాకు ఆయన లెక్కల మాస్టారు. ఈ గంటసేపూ అలాగే అంటాను. ముందు వరసలో కూర్చున్న ఆయన అమ్మాయిగారు ఏమీ అనుకోకూడదు.

నా పని గురించి రెండు ముక్కలు చెప్పి మొదలుపెడతాను. పాతికేళ్లుగా హైదరాబాదులో ఆన్‌లైన్ శిక్షణ పాఠాలు తయారుచేస్తున్నాను. బ్యాంకులకి, మందుల కంపెనీలకి, ఆస్పత్రులకి. మీలో ఉద్యోగాలు చేసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు నా బారిన పడే ఉంటారు. నెలాఖరులోగా ఈ కోర్సు పూర్తిచేయాలని ఆఫీసు నుంచి మెయిలు వస్తుంది చూడండి. తెరిస్తే ఒక బొమ్మ మనిషి నవ్వుతూ సమాచార భద్రత గురించి చెబుతుంటాడు. దాన్ని ఒక పక్కన నడవనిచ్చి, మీరు అసలు పని చేసుకుంటూ, మధ్యమధ్యలో నెక్స్ట్ బటన్ నొక్కుతుంటారు. అదంతా మా వంట. మీరెలా తింటున్నారో మాకు తెలుసు. మాకు తెలుసని మీకూ తెలుసు. అయినా ఏటా వండుతూనే ఉన్నాం.

ఈ నెక్స్ట్ నొక్కే వేలిని ఎలా ఆపాలి, మనిషిని పాఠంలోకి ఎలా లాగాలి అన్న ప్రశ్నకి మా రంగం పదిహేనేళ్లుగా ఒకే జవాబు పట్టుకు వేలాడుతోంది. గేమిఫికేషన్. నిక్ పెల్లింగ్ అనే బ్రిటిష్ ఆటల రూపకర్త 2002లో పుట్టించిన మాట ఇది. 2010 దాటాక ఊరూరా పాకింది. తెలుగులో క్రీడీకరణ అనొచ్చునంటారు. ఆ మాట వింటే ఆడాలన్న బుద్ధి కూడా పోతుంది కాబట్టి గేమిఫికేషన్ అనే అందాం. ఆట కాని పనికి ఆటల సరంజామా తగిలించడం. పాయింట్లు, బ్యాడ్జీలు, ఎవరు ముందున్నారో చెప్పే లీడర్‌బోర్డు, రోజు తప్పకుండా వస్తే పెరిగే స్ట్రీక్. ఈ సరంజామాలో ఆట ఎంతుంది అన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది. దీనికి జవాబు నాకు నలభై ఏళ్ల కిందటే ఒక పీట మీద దొరికింది. దొరికిందని చాలాకాలం తెలియలేదు.

ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు మాస్టారు చంకలో వామనగుంటల పీట పెట్టుకుని క్లాసులోకి వచ్చారు. రెండు జేబుల నిండా చింతగింజలు. మగపిల్లలం సిగ్గుతో చితికిపోయాం. అది వానాకాలం మధ్యాహ్నాలు అమ్మమ్మలూ ఆడపిల్లలూ వసారాలో కూర్చుని ఆడుకునే ఆట. మేం గోలీలవాళ్లం.

చూడనివాళ్ల కోసం చెబుతాను. వరసకి ఏడేసి, రెండు వరసల్లో పద్నాలుగు గుంటలు. గుంటకి ఇన్నని గింజలు పోస్తారు. మా ఊళ్లో ఐదు. ఒక గుంటలోవన్నీ తీసి, పక్క గుంట నుంచి ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి. చేతిలోవి ఎక్కడ అయిపోయాయన్న దాన్ని బట్టి ఆట సాగడమా, గింజలు దక్కడమా, చేయి మారడమా తేలుతుంది. మాస్టారు ఈ ఆటలో ఏమీ మార్చలేదు. ఒక్క నియమం కలిపారు. గింజలు చేతిలోకి తీసుకోకముందే, ఆఖరి గింజ ఏ గుంటలో పడుతుందో పైకి చెప్పాలి. తప్పితే ఆట పక్కవాడిది.

గుంటలో ఐదారు ఉన్నంతసేపు కళ్లతోనే లెక్కపెట్టేశాం. ఆట ముదిరాక ఒకడి గుంటలో పదహారు పోగయ్యాయి. వాడు చూపుడువేలు గాలిలో తిప్పుతూ, గుంటలు లెక్కపెడుతూ, రెండోసారి చుట్టుకొచ్చేసరికి తప్పిపోయి, మళ్లీ మొదలుపెడుతున్నాడు. వెనకనుంచి ఒక పిల్ల, "పద్నాలుగు పోతే రెండే కదరా, నీ గుంట నుంచి రెండోది" అంది. క్లాసంతా ఒక్కసారి పీట మీదకి వంగింది. వాడు పంచాడు. అక్కడే పడింది. మాస్టారు బోర్డు వైపు తిరగలేదు, చప్పట్లు కొట్టించలేదు. పీట ఆ పిల్ల వైపు జరిపారు, అంతే. భాగహారంలో శేషం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ క్షణంలో. అంతకుముందు రెండేళ్లుగా దాన్ని జవాబు పక్కన రాయవలసిన ఒక మిగులు అంకె అనుకునేవాణ్ణి.

చాలా ఏళ్ల తర్వాత, ఈ వృత్తిలో పడ్డాక, థామస్ మలోన్ రాసింది చదువుతుంటే ఆ పీట గుర్తొచ్చింది. కంప్యూటరు ఆటల్లో పిల్లల్ని పట్టి కూర్చోబెట్టేది ఏమిటని 1980 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసినాయన. భిన్నాలు నేర్పే డార్ట్స్ అనే ఆటని తీసుకున్నాడు. తెర మీద నిలువుగా ఒక సంఖ్యారేఖ, దానికి అక్కడక్కడ బెలూన్లు. బెలూను ఎంత ఎత్తులో ఉందో ఊహించి ఒక సంఖ్య కొట్టాలి. బాణం వచ్చి సరిగ్గా ఆ సంఖ్య దగ్గర దిగుతుంది. తగిలితే బెలూను పేలుతుంది. తగలకపోతే బాణం అక్కడే గుచ్చుకుని ఉంటుంది. ఎంత పైకి పోయిందో, ఎంత కిందకి పోయిందో కళ్లకి కడుతుంది. మలోన్ ఈ ఆటలోంచి సంగీతం ఒకసారి, మార్కులు ఒకసారి, బెలూన్లు ఒకసారి తీసేసి రకరకాల రూపాలు చేసి పిల్లలకిచ్చాడు. మగపిల్లలకి బెలూన్లు పేలడం నచ్చింది, ఆడపిల్లలకి నచ్చలేదు. అందరికీ సరిపడే మసాలా ఒకటి ఉండదని ఆయనకి అప్పుడే తెలిసింది. మాకు ఇంకా తెలియలేదు.

ఆయన చేసిన ఒక విభజన నాకు ముఖ్యం. ఆటలోని కల్పన పాఠంతో కలిసి నడిచేది ఒకటి. పాఠానికి బయట నిలబడేది ఇంకొకటి. డార్ట్స్‌లో భిన్నం తెలిస్తేనే బాణం తగులుతుంది. అదే వైకుంఠపాళి పటం ఒకటి గీసి, ప్రశ్నకి జవాబు చెబితే పాచిక వేయనిస్తే, ప్రశ్న చరిత్రదైనా రసాయనశాస్త్రానిదైనా పాముకి ఒకటే. నేను ఇలాంటి వైకుంఠపాళులు కనీసం ముప్ఫై చేసి ఉంటాను. చేయడం తేలిక, చూపించడానికి బాగుంటుంది.

మా ఆవిడ కాకరకాయ బెల్లం పులుసు పెడుతుంది. అందులో బెల్లం పులుసుతోపాటు ఉడికి కాయలోకి దిగుతుంది. దించాక పైన బెల్లం చల్లితే తీపి తీపే, చేదు చేదే. పిల్లలు పైనున్న బెల్లం నాకేసి కాయ పక్కన పెట్టేస్తారు. పాయింట్లూ బ్యాడ్జీలూ చాలావరకు ఈ చల్లిన బెల్లం.

పైగా ఆ చల్లిన బెల్లం ఒక్కోసారి ఉన్న ఇష్టాన్ని కూడా చెడగొడుతుంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ ప్రచురించిన ప్రయోగం మా రంగంలో అందరూ చెప్పుకునేదే, అయినా చెబుతాను. స్టాన్‌ఫర్డ్‌లోని ఒక శిశువిహారంలో బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి ముందే చెప్పారు, బొమ్మలు వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న మంచి పత్రం ఇస్తామని. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఖాళీ సమయంలో రంగుపెన్నులు బల్ల మీద పెట్టి దూరంనుంచి గమనిస్తే, ముందే బేరం కుదుర్చుకున్న పిల్లలు బొమ్మలకి కేటాయించిన సమయం మిగతావాళ్లు కేటాయించినదానిలో దాదాపు సగమే. చెప్పకుండా ఇచ్చినవాళ్లకి ఏ నష్టమూ లేదు. అంటే చెడ్డది పత్రం కాదు, బేరం. 1999లో ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ కోస్ట్‌నర్, రిచర్డ్ రయాన్ ఇలాంటివి 128 ప్రయోగాలు కలిపి చూసినా, ముందే కుదుర్చుకున్న వస్తు బహుమతులు ఇష్టాన్ని తగ్గిస్తాయనే తేలింది. నోటి మెచ్చుకోలు మాత్రం పెంచింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఇష్టం పోవాలంటే ముందు ఇష్టం ఉండాలి. పాస్‌వర్డు నియమాల మీద పావుగంట పాఠానికి పాయింట్లు పెడితే ఎవరి కళాతృష్ణా చచ్చిపోదు. పెట్టుకోండి.

ఇక నా ఘనకార్యం. కొన్నేళ్ల కిందట ఒక బ్యాంకువాళ్లు పల్లెటూరి శాఖల సిబ్బందికి నగదు వ్యవహారాల మీద కోర్సు చేయమన్నారు. రోజుకో పది ప్రశ్నలు, సరైన జవాబుకి పాయింట్లు, రాష్ట్రమంతటికీ ఒక లీడర్‌బోర్డు. మొదటి పదిమంది పేర్లు హెడ్డాఫీసులో తెర మీద. రెండు వారాలు గ్రాఫులు ఆకాశానికి ఎగిశాయి. నేను కాలరెగరేసుకు తిరిగాను. నెలాఖరుకి మొదటిస్థానంలో ఉన్నాయనకి నేనే ఫోను చేసి అభినందించాను. మారుమూల శాఖలో గుమస్తా. కాసేపు నీళ్లు నమిలి, "సార్, ఏమీ అనుకోకండి. అది మా పిల్లాడు ఆడుతున్నాడండి. ఎనిమిదో తరగతి. ప్రశ్నలు మళ్లీ మళ్లీ అవే వస్తున్నాయట. ఇంకో ఆట ఏదన్నా పెడతారేమో కనుక్కోమన్నాడు" అన్నాడు.

ఆయన మోసగాడు కాదు. నేను పెట్టిన ఆట ఏదో దాన్నే ఆ ఇల్లు చక్కగా ఆడింది. ఆట పేరు నగదు నిర్వహణ కాదు, పాయింట్లు పోగేయడం. ఇక ఆ పట్టికలో అడుగున ఉన్నవాళ్ల సంగతి. నాలుగువందల చిల్లర స్థానంలో ఉన్న మనిషి ఎంత చేసినా పదిలోకి రాడు. ఆ సంగతి అతనికి మూడోరోజే తెలిసిపోయింది. వాళ్లు ఎప్పుడు మానేశారో మా గ్రాఫులో కనబడనేలేదు, పైవాళ్లు అంత జోరుగా నొక్కుతున్నారు. గట్టివాణ్ణి ఉరికించి, వెనకబడినవాణ్ణి ఇంటికి పంపే బడిని మాస్టారైతే ఏమనేవారో నాకు తెలుసు. ఇక్కడ చెప్పలేను.

మరి ఇది మాకు ముందే ఎందుకు తట్టలేదు? ఒక కారణం మా పనిముట్లు. శిక్షణ పాఠం నుంచి కంపెనీ సర్వరుకి సమాచారం పంపడానికి స్కార్మ్ 1.2 అనే ప్రమాణం ఉంది. 2001 నాటిది, ఇప్పటికీ చాలాచోట్ల అదే నడుస్తోంది. అది ప్రధానంగా మోసేది మూడు సంగతులు: పూర్తయిందా, ఎన్ని మార్కులు, ఎంతసేపు. పాత్రలో ఏది పడుతుందో అదే వండుతాం.

ఆ కోర్సులో ఒక భాగాన్ని మళ్లీ చేశాం. దొంగనోటు భాగం. రిజర్వు బ్యాంకు నియమం స్పష్టంగా ఉంది. కౌంటరు దగ్గరికి వచ్చిన నోటు నకిలీ అని తేలితే దాని మీద ముద్ర వేసి జప్తు చేయాలి. తెచ్చినవాళ్లకి రసీదు ఇవ్వాలి. ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వకూడదు, బదులు డబ్బూ ఇవ్వకూడదు. ఒకే లావాదేవీలో నాలుగు నోట్ల దాకా అయితే నెలాఖరున పోలీసులకి కలిపి నివేదిక, ఐదో అంతకు మించో ఉన్నాయా వెంటనే ఎఫ్‌ఐఆర్. పాత కోర్సులో దీని మీద నాలుగు ప్రశ్నలుండేవి. అందరికీ పూర్తి మార్కులు. నోటు తిరిగి ఇవ్వవచ్చునా? ఇవ్వకూడదు. టిక్కు.

కొత్తదాంట్లో ప్రశ్నలు లేవు. మీరు క్యాష్ కౌంటర్లో ఉన్నారు. సంత రోజు, లైను గుమ్మం దాటింది. ఒక ముసలాయన తువ్వాలు మూట విప్పి నోట్లు మీ ముందు పెడతాడు. లెక్కపెడుతుంటే ఒక ఐదువందల నోటు చేతికి తేడాగా తగులుతుంది. మీరు ఆయన మొహంలోకి చూడగానే ఆయన గొంతు వినబడుతుంది: "ఆవునమ్మిన డబ్బు నాయనా. ఆ నోటు నాకిచ్చెయ్యి, వాడి మొహాన కొట్టొస్తాను." వెనకనుంచి ఎవరో త్వరగా కానివ్వమంటారు. పక్క సీటాయన, పోనిద్దూ, అంటాడు. ఇక మీరేం చేస్తారు?

ప్రశ్నల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లలో చాలామంది నోటు తిరిగి ఇచ్చేశారు. దానికి పాయింట్లు కోయలేదు, ఎర్ర గుర్తు పెట్టలేదు. ఆట ముందుకి సాగింది. సాయంత్రం నాలుగింటికి ఊళ్లో కిరాణా కొట్టావిడ ఆ రోజు వసూళ్లు జమచేయడానికి వస్తుంది. ఆ కట్టలో అదే నంబరు నోటు. ఈసారి నష్టపోయేది ఆవిడ. మీరేం చేస్తారు? కొందరు అక్కడ ఆట ఆపి మొదటికి వెళ్లారు. నోటు తీసుకుని, ముద్ర వేసి, ముసలాయనకి రసీదు రాసి, ఎందుకు ఇవ్వకూడదో ఆయన భాషలో చెప్పే మాటలు వెతుక్కున్నారు. ఒకావిడ మాకు ఉత్తరం లాంటి మెయిలు రాసింది. నిబంధన నాకు ముందూ తెలుసు, ఆయనకి ఏమని చెప్పాలో తెలిసేది కాదు, అని. మా పాత నాలుగు ప్రశ్నలూ ఏం నేర్పలేదో ఆ వాక్యంలో ఉంది.

చింతగింజలకీ దీనికీ తేడా లేదు. ముందు నువ్వు చెప్పాలి. తర్వాత గింజ దానంతటది పడుతుంది. తప్పు మాస్టారు చెప్పనక్కర్లేదు, గుంట చెబుతుంది.

మన అవధానం చూడండి. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం వేయగానే, తర్వాత ఏది రాబోతోందో పసిగట్టి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అవధాని ఇంకో దారి వెతుక్కుని, ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా పాదం దాటిస్తాడు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చేసిన అవధానాలకి జనం విరగబడి వచ్చారంటే అక్కడ మార్కుల పట్టిక ఉండి కాదు. అడ్డు ఉంది, అడ్డు దాటడం కళ్లముందు కనబడుతోంది. శాలువా ఆఖర్న, అదీ అవధాని పద్యం ధారణ చేశాక. మధ్యలో ఏకాగ్రత చెడగొట్టడానికి అప్రస్తుత ప్రసంగి ఉండనే ఉన్నాడు. ఈ కాలంలో ఆ కొలువు మన ఫోను చేస్తోంది.

ప్రభుత్వాలూ ఈ దారిలోకి వచ్చాయి. కేంద్రం 2020లో ఆమోదించిన మిషన్ కర్మయోగి కింద ఉద్యోగుల శిక్షణకి ఐగాట్ వేదిక ఉంది. అందులో కోర్సు పూర్తిచేస్తే వచ్చేవాటి పేరు కర్మ పాయింట్లు. ఫలం మీద ఆశ పెట్టుకోవద్దని కర్మయోగం చెప్పిన దేశంలో ఈ పేరు పెట్టినవారెవరో గానీ ఆయనతో ఒకసారి కాఫీ తాగాలని ఉంది. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల్లో మన ఇంజనీరింగు పిల్లలు తెచ్చుకునే ఎలైట్, సిల్వర్, గోల్డ్ ముద్రలని మాత్రం నేను తక్కువ చేయను. 90 గానీ ఆపైన గానీ వస్తే గోల్డ్. దాని వెనక పిల్లవాడు పరీక్షాకేంద్రానికి వెళ్లి, పర్యవేక్షణలో రాసిన పరీక్ష 75 శాతం ఉంది. మిగతా 25 వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లది. వాటి జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయని ఈ సభలోని విద్యార్థులు నాకంటే బాగా చెబుతారు.

ఇక స్ట్రీకు గురించి మాస్టారి మాటే చెబుతాను. రిటైరయ్యాక ఆయన ఫోనులో స్పానిష్ మొదలుపెట్టారు. అమెరికాలో మనవరాలు బడిలో స్పానిష్ చదువుతోందని, ఆ పిల్లతో పోటీకి. మేం ఎప్పుడు వెళ్లినా ముందు రోజుల లెక్క చూపించేవారు. నూటపది, నూటముప్ఫై. ఒకసారి మేం భోజనానికి కూర్చుంటే ఆయన లేచి వెళ్లి, గోడ వైపు తిరిగి గబగబా ఏదో నొక్కి వచ్చారు. పన్నెండు దాటితే పోతుందిరా, అన్నారు. అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. రాత్రికి మరిచిపోతానేమోనని భయమట. ఆ తర్వాత తుపాను వచ్చి ఊళ్లో రెండురోజులు కరెంటు లేదు, సిగ్నలు లేదు. నేను పరామర్శకన్నట్టు ఫోను చేశాను. "తెగిందిరా" అన్నారు. గొంతులో బెంగేమీ లేదు. "హాయిగా ఉంది. రోజూ తేలికవి నాలుగు నొక్కి దాన్ని బతికించుకొస్తున్నాను గానీ, మూడు నెలల నుంచి కొత్త మాట ఒక్కటి నేర్చుకోలేదు. ఇవాళ్టినుంచి చదువుకుంటాను."

స్ట్రీకు వల్లే ఆయన మొదటి నెల నిలబడ్డారన్నది కూడా నిజమే. అలవాటు పడేదాకా అది ఊతకర్ర. కాలు బాగయ్యాక కర్ర తీసేసే ఏర్పాటు మాత్రం ఏ యాప్‌లోనూ నేను చూడలేదు. సాఫ్ట్‌వేర్ పిల్లలు వాడే గిట్‌హబ్ 2016లో తన స్ట్రీకు లెక్కని తీసేసింది. వ్యాపారం కోసం లెక్కలు పెట్టినవాళ్లు లెక్క తీసేయడం అరుదు కాబట్టి చెప్పాను.

వచ్చే వారం మాకు ఒక ఆస్పత్రుల సంస్థతో కూర్చునే పని ఉంది. కొత్తగా చేరే నర్సులకి మందుల మోతాదు లెక్కల మీద కోర్సు. సిరంజి గీతల మీద వేలు పెట్టి, ఎక్కడిదాకా తీస్తారో ముందు చూపించాలి. తర్వాత మందు ఎక్కుతుంది, మంచం పక్కన మానిటరు మారుతుంది. నమూనా చేసి పంపాం. బాగుందన్నారు. బాగుందంటూనే, లీడర్‌బోర్డు ఏ పేజీలో వస్తుందని అడిగారు. సోమవారం పదకొండింటికి సమావేశం. మాస్టారి అమ్మాయిగారు పొద్దున్న ఇంటికి పిలిచి, అటక మీదనుంచి దింపించిన ఆ పీట నా చేతిలో పెట్టారు. ఒక గుంట అంచు పగిలింది. గింజలు మాత్రం లేవు. రేపు సంచిలో పీటతో రైలెక్కుతున్నాను. దిగాక సికింద్రాబాదు మోండా మార్కెట్లో చింతగింజలు కొనుక్కోవాలి.